మాంట్‌గోమరీ స్త్రీల విన్నపము

నేడు నేను మీకు విన్నవింపబోవు సంగతి మన దేశమునకు చాల దూరమున, అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగినది. అయినను దానిని విన్నపిదప, ఇది మన మెరుగని సంగతి కాదే యని మీలో కొందరైనను తలంతురని నా నమ్మకము. అచ్చట ఒక పట్టణములో కొందరు స్త్రీలు సంఘముగా చేరి, తమ జాతివారికి బస్సులలో జరుగుచున్న అవమానమును తగ్గింపుడని నగరాధికారులకు విన్నపము వ్రాసికొనిరి. అధికారులు దానిని ప్రక్కన బెట్టిరి. పిమ్మట జరిగినదానిని ప్రపంచమంతయు చూచినది. కాని ఆ విన్నపమును వ్రాసిన స్త్రీలను మాత్రము ప్రపంచము చాలకాలము గుర్తింపలేదు.

ఈ ప్రసంగమునకు కారణము మా గ్రామమందలి ఒక పెద్ద. ఆయన ఒకనాడు రచ్చబండకడ నన్ను చూచి, "ఏమయ్యా, ఆడవారు సంఘములు పెట్టి కాగితములు వ్రాసినంతమాత్రమున లోకము మారునా?" యని అడిగెను. ఆయన వేళాకోళముగా అడుగలేదు; నిజముగానే తెలియగోరి అడిగెను. నాకు అప్పటికప్పుడు సరియైన సమాధానము తోచలేదు. ఇంటికి పోయి ఆలోచింపగా ఈ మాంట్‌గోమరీ కథ జ్ఞప్తికి వచ్చినది. దీనితోబాటు నా సొంత తప్పిద మొకటియు జ్ఞప్తికి వచ్చినది. దానిని కడపట చెప్పెదను.

మాంట్‌గోమరీ యనునది అమెరికా దక్షిణ భాగమున అలబామా యను రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. 1950 ప్రాంతమున అచ్చట లక్షకు పైగా జనులుండిరి. వారిలో ఇంచుమించు అయిదింట రెండు వంతులు నల్లజాతివారు. వీరి పూర్వులను ఆఫ్రికా ఖండమునుండి బలవంతముగా కొనిపోయి, సంతలో పశువులను అమ్మినట్లు అమ్మి, ప్రత్తి చేలలో బానిసలుగా పని చేయించిరి. 1865లో బానిసత్వము చట్టముచేత రద్దయినది. కాని దక్షిణాది రాష్ట్రములు వేరొక మార్గము కనిపెట్టినవి. బడి వేరు, ఆసుపత్రి వేరు, నీళ్లు త్రాగు కుళాయి వేరు, కడకు శ్మశానము వేరు అని శాసనములు చేసినవి. మన గ్రామములలో రెండు బావులును, కాఫీ దుకాణములలో రెండు గ్లాసులును ఎట్టివో చూచినవారికి ఈ యేర్పాటును విడమరచి చెప్ప నక్కరలేదు. భేద మొక్కటే. మన దేశమున అది ఆచారము పేర జరిగినది. అచ్చట చట్టము పేర జరిగినది.

ఈ వేర్పాటులన్నిటిలో ప్రతిదినము గుచ్చుకొనునది బస్సు. నగరపు బస్సులో 36 మందికి చోటుండెను. ముందరి 10 సీట్లు తెల్లవారివి. అవి ఖాళీగా నున్నను, వెనుక నల్లజాతి ముసలమ్మ నిలువబడియున్నను, ఆమె అందు కూర్చుండరాదు. వెనుకభాగము నల్లవారిది. నడుమనున్న సీట్లు డ్రైవరు చెప్పినవారివి. అందొక తెల్లమనిషి కూర్చుండదలచినచో ఆ వరుసలోని నల్లవారందరును లేచిపోవలెను. ఏలయన ఒకే వరుసలో ఇరువురును కూర్చుండుట సహింపరానిదని వారి మర్యాద. అంతేకాదు. నల్లవారు ముందరి ద్వారమున ఎక్కి చార్జీ చెల్లించి, మరల క్రిందికి దిగి, వెనుక ద్వారమునకు నడచిపోయి ఎక్కవలెను. వారు అచ్చటికి చేరులోపలనే డ్రైవరు బస్సును కదలించుకొని పోవుటయు జరుగుచుండెను. డబ్బు పోయెను, బస్సు పోయెను, మాటాడుటకు వీలు లేదు. డ్రైవరునకు నగరపు శాసనము పోలీసు అధికారము నిచ్చియుండెను.

ఈ బస్సులలో ఎక్కువగా ప్రయాణము చేయువారు స్త్రీలు. నగరములో జీతమునకు పని చేయు నల్లజాతి స్త్రీలలో సగమునకు పైగా తెల్లవారి ఇండ్లలో పనిమనుషులు. వారు తెల్లవారకముందే లేచి, నగరపు మరియొక కొనకు పోయి, అచ్చట వంట చేసి, బట్టలుతికి, పిల్లలను సాకి, ప్రొద్దుగ్రుంకిన పిదప మరలివచ్చెడివారు. పగలంతయు తెల్లవారి పసిబిడ్డను ఒడిలో నిడుకొన్న తల్లి, సాయంకాలము ఆ తెల్లవారి ప్రక్కన కూర్చుండుటకు మాత్రము అనర్హురాలు. ఈ విపరీతమును గూర్చి ఆలోచించిన కొలదియు మనసు చివుక్కుమనును.

1946లో మేరీ ఫెయిర్ బర్క్స్ అను ఉపాధ్యాయిని ఒక సంఘమును స్థాపించెను. ఆమె ఆ పట్టణమున నల్లజాతివారి కొరకున్న అలబామా స్టేట్ కళాశాలలో ఆంగ్లభాషాశాఖకు అధిపతి. అంతకుముందే తెల్ల స్త్రీలకు వోటర్ల సంఘ మొకటి కలదు. దానిలో నల్లవారిని చేర్చుకొనరు. కావున తమకు తామే ఒక సంఘమును కల్పించుకొనిరి. దానికి స్త్రీల రాజకీయ మండలి యని పేరు. ఉపాధ్యాయినులు, దాదులు, సంఘసేవ చేయువారు అందు చేరిరి. ఒక శాఖ నిండగా రెండవది, రెండవది నిండగా మూడవది ఏర్పరచిరి. 1955 నాటికి మూడు శాఖలలో కలిసి ఇంచుమించు 300 మంది సభ్యురాండ్రుండిరి.

ఈ సంఘము మొట్టమొదట చేసిన పని ఉపన్యాసములు కాదు, ఊరేగింపులు కాదు. వోటు కావలెనన్నచో ఆ రాష్ట్రములో చిక్కు ప్రశ్నలతో కూడిన దరఖాస్తు నింపవలెను; పోలుపన్ను యను ఒక పన్నును చెల్లింపవలెను. నల్లవారు ఎక్కడనో ఒకచోట తప్పునట్లు ఆ దరఖాస్తును నిర్ణయించిరి. ఈ స్త్రీలు తమవారిని కూర్చుండబెట్టి దానిని నింపు విధమును నేర్పి, వెంటబెట్టుకొనిపోయి దాఖలు చేయించిరి. పెద్ద బడులలో చదువుకొను పిల్లలకు నగరపాలన యెట్లు జరుగునో, చట్టమన నేమో బోధించిరి. ఎవరికైనను బస్సులోగాని వీధిలోగాని అన్యాయము జరిగినచో ఆ సంగతిని వ్రాసి యుంచుకొనిరి. కోపము అందరికిని కలదు. కాని కోపమునకు లెక్క వ్రాసి యుంచుకొనుట వీరు చేసిన క్రొత్త పని.

1949లో జో ఆన్ రాబిన్సన్ అను ఉపాధ్యాయిని ఆ కళాశాలకు వచ్చెను. ఆమె జార్జియా రాష్ట్రములో సేద్యము చేసికొను కుటుంబమున 12 మంది సంతానములో కడగొట్టు బిడ్డ. ఆ సంవత్సరము డిసెంబరులో, క్రిస్మసు సెలవులకు ఊరు వెళ్లు సంతోషములో, ఆమె ఒక బస్సెక్కి, ఇంచుమించు ఖాళీగా నున్న ఆ బస్సులో ముందునుండి అయిదవ వరుసలో కూర్చుండెను. డ్రైవరు బస్సు నాపి, చేయెత్తి కొట్టవచ్చినవానివలె మీదికి వచ్చి, లెమ్మని కేకలు వేసెను. ఆమె భయముతో దిగి యేడ్చుచు నడచిపోయెను. సెలవులు ముగిసిన పిదప ఈ సంగతిని మండలివారికి చెప్పగా, ఇది ఇచ్చట మామూలే యని వారనిరి. మామూలే యన్న మాట ఆమెకు డ్రైవరు కేకకంటె ఎక్కువగా నొప్పి కలిగించినది కాబోలు. మరుసటి సంవత్సరము ఆమె ఆ మండలికి అధ్యక్షురాలై, బస్సుల సంగతిని ముందునకు తెచ్చెను.

ఇక విన్నపమునకు వత్తము. 1954 మార్చిలో మండలివారు మేయరును, అనగా నగరాధ్యక్షుని, కలిసికొని మాటాడిరి. పిమ్మట మే 21వ తేదీన రాబిన్సన్ ఆయనకు ఒక జాబు వ్రాసెను. మొదట తమ మాటలను వినినందులకు వందన మర్పించెను. పిమ్మట మూడు కోరికలను తెలిపెను. మొదటిది, నల్లవారు వెనుకనుండి ముందునకును, తెల్లవారు ముందునుండి వెనుకకును సీట్లు నిండువరకు కూర్చుండుటకు వీలు కల్పించు నగరశాసనము. రెండవది, ముందు డబ్బు చెల్లించి వెనుక ఎక్కుమనుట మానుట. మూడవది, తెల్లవారి పేటలలో వలె నల్లవారి పేటలలోను ప్రతి మూలకడ బస్సు నాపుట. బస్సులలో ప్రయాణము చేయువారిలో నాలుగింట మూడు వంతులు నల్లవారనియు, వారు ఎక్కనిచో బస్సులు నడువజాలవనియు ఆమె మర్యాదగా జ్ఞాపకము చేసెను. ఇరువదియైదుకు పైగా సంఘములు బస్సులను మానవలెనని మాటాడుకొనుచున్నవనియు, తాము మాత్రము సామరస్యమునే కోరుచున్నామనియు తెలిపెను.

పెద్దలు ఒక సంగతి గమనింపవలెను. ఈ జాబులో వేర్పాటును తీసివేయుడని లేదు. ఆ పద్ధతిలోనే కొంత మర్యాద చూపుడని మాత్రమే కలదు. ఇంతకంటె చిన్న కోరిక యుండదు. అది వ్రాయుటకు నాలుగు దినములకు ముందే, మే 17న, బడులలో జాతిభేదము రాజ్యాంగమునకు విరుద్ధమని అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పియుండెను. గాలి ఎటు వీచుచున్నదో తెలివిగల యధికారి గ్రహింపవచ్చును. కాని బస్సులలో కూర్చుండు పద్ధతి యేమియు మారలేదు.

1955 మార్చి 2న క్లాడెట్ కాల్విన్ అను 15 సంవత్సరముల బాలిక బడినుండి మరలివచ్చుచు సీటు విడువనన్నది. పోలీసులు ఆమెను బస్సునుండి లాగి, చేతులకు బేడీలు వేసి కొనిపోయిరి. ఆమె పక్షమున ఊరంతటిని నిలుపవలయునా యని నల్లజాతి పెద్దలు తర్కించుకొనిరి. చిన్నపిల్ల, బీదకుటుంబములోనిది యని వెనుదీసిరి. కొంతకాలమునకు ఆమె గర్భవతి యని తెలిసినపిదప ఆ మాటయే మానిరి. అక్టోబరులో మేరీ లూయీ స్మిత్ అను 18 సంవత్సరముల యువతియు ఇట్లే పట్టుబడెను. అదియు నడచిపోయినది. అన్యాయమునకు గురియైన మనిషి మచ్చలేనిదై యుండవలెనని పెద్దలు కోరుట ఆ దేశమునకే చెల్లలేదు. మన పంచాయతులలోను చూచుచున్నాము.

1955 డిసెంబరు 1, గురువారము సాయంకాలము. రోజా పార్క్స్ అను 42 ఏండ్ల స్త్రీ కుట్టుపని ముగించుకొని బస్సులో ఇంటికి పోవుచుండెను. ఆమె నల్లజాతివారి హక్కుల సంఘమొకదానికి స్థానిక కార్యదర్శిగా చాలకాలము పని చేసినది. డ్రైవరు లెమ్మనగా ఆ వరుసలోని తక్కిన ముగ్గురును లేచిరి, ఆమె లేవలేదు. ఆమెను చెఱలో నుంచిరి. అలసియుండుటచేత ఆమె లేవలేదని చాలమంది చెప్పుదురు. ఆమెయే తరువాత దానిని ఖండించెను. ఒడలి యలసట కాదు, లొంగి లొంగి విసిగిన మనసు అని దాని తాత్పర్యము.

ఆ రాత్రి న్యాయవాది ఫ్రెడ్ గ్రే మూలమున ఈ వార్త రాబిన్సన్‌కు తెలిసినది. ఆమె పెద్దల సభకొరకు వేచియుండలేదు. సోమవారమునాడు పార్క్స్ విచారణ జరుగును. ఆ దినమున ఎవరును బస్సులెక్కవలదని ఒక చిన్న కరపత్రము వ్రాసినది. అర్ధరాత్రివేళ కళాశాలకు పోయి, ఒక తోటి యుపాధ్యాయుడును ఇద్దరు విద్యార్థులును తోడురాగా సైక్లోస్టైలు యంత్రముమీద వేలకొలది ప్రతులు తీసినది. ఒక్కొక్క కాగితముమీద అదే సందేశమును మూడు మారులు ముద్రించి, కత్తిరించి, కట్టలు గట్టిరి. ఆ ప్రతుల సంఖ్య ముప్పదివేలకు మించినది. తెల్లవారుజామున నాలుగు గంటలకు పని పూర్తియైనది. ఎవరు ఏ పేటకు, ఏ బడికి, ఏ దుకాణమునకు కొనిపోవలెనో మండలివారు ముందే నిర్ణయించుకొనియుండిరి. రాబిన్సన్ ఎనిమిది గంటలకు యథాప్రకారము తరగతిలో పాఠము చెప్పెను. పాఠము ముగియగానే కరపత్రముల కట్టలతో బయలుదేరెను. శుక్రవారము మధ్యాహ్నమునకు ఆ కాగితము ఊరంతయు ప్రాకినది.

ఇది ప్రభుత్వ కళాశాల, యంత్రము ప్రభుత్వముది. ఉద్యోగము పోవునని ఆమెకు తెలియును. కళాశాలాధ్యక్షుడు ఆమెను పిలిపించి గద్దించి యడుగగా, బస్సులలో జరుగు నవమానమును వివరించి, కాగితపు ఖర్చును మండలి చెల్లించునని చెప్పెను. ఆయనయు నల్లజాతివాడే. తుదకు జాగ్రత్తగా నుండుమని చెప్పి పంపెను. ఆ కరపత్రముమీద మండలి పేరు లేకపోవుటకును, తరువాత ముందు వరుసలో మతబోధకులు నిలుచుటకును ఇదియే ముఖ్యకారణము. మతబోధకుని జీతమును అతని సమాజమే యిచ్చును, ప్రభుత్వము తీసివేయజాలదు. ఉపాధ్యాయిని సంగతి యట్లు కాదు.

ఆదివారమునాడు ఆ కరపత్రము సంగతి పత్రికలో మొదటి పుట కెక్కెను. దానిచే వినని చెవులకును వార్త చేరినది. సోమవారము, డిసెంబరు 5న, ఉదయము బస్సులు ఇంచుమించు ఖాళీగా తిరిగినవి. న్యాయస్థానము పార్క్స్‌కు 10 డాలర్ల జుల్మానాయు, 4 డాలర్ల ఖర్చును విధించెను. ఆ మధ్యాహ్నమే ఒక క్రొత్త సమాజ మేర్పడి, 26 ఏండ్ల యువ మతబోధకుడు మార్టిన్ లూథర్ కింగ్‌ను అధ్యక్షునిగా నెన్నుకొనెను. ఆ రాత్రి వేలకొలది జనులు ఒక చర్చిలో చేరి, న్యాయము దొరకువరకు బస్సులెక్కమని నిశ్చయించుకొనిరి. ఒక దినమునకని యారంభించినది 381 దినములు సాగినది.

అన్ని దినములు ఎట్లు సాగినది? ఇందులోనే స్త్రీల పని కనబడును. నలుబదివేల జనులు పనికి పోవలెను గదా. కార్లున్నవారు ఇంచుమించు మూడువందల కార్లను వంతులవారీగా నడిపిరి. ఎక్కడ ఎక్కింపవలెను, ఎక్కడ దింపవలెను, ఏ వేళకు ఎన్ని కార్లు కావలెను అని పట్టికలు వ్రాసికొనిరి. రాబిన్సన్ ఉదయమును సాయంకాలమును తన కారు నడుపుచు, నడుమ పాఠములు చెప్పుచు, రాత్రులందు ఆ సమాజపు వార్తాపత్రమును కూర్చెడిది. పనిమనుషులలో చాలమంది మైళ్లకొలది నడచిరి. కొందరు తెల్ల గృహిణులు తమ పనిమనుషులను తామే కార్లలో తెచ్చుకొనసాగిరి. మేయరు అది తగదని బహిరంగముగా మందలించెను. గృహిణులు విన్నట్లు కనబడదు. వంటపాత్రలు తోముట మేయరు పని కాదు గదా.

జార్జియా గిల్మోర్ అను వంటమనిషి తనవంటి స్త్రీలను కూడగట్టి, తినుబండారములు వండి యమ్మి, వచ్చిన సొమ్మును పెట్రోలు ఖర్చులకు సభలో ఇచ్చుచుండెను. ఆ సొమ్ము ఎక్కడిదని యడిగినచో ఎక్కడిదియు కాదని చెప్పుటకు వీలుగా ఆ సంఘమునకు "ఎక్కడిదియు కాని క్లబ్బు" అని పేరు పెట్టుకొనిరి. పేరు చెప్పినచో కొన్నవారికిని అమ్మినవారికిని పని పోవును. కింగ్ పక్షమున న్యాయస్థానములో సాక్ష్యము చెప్పినందులకు ఆమె పనియు పోయినది. ఆమె తన ఇంటనే పొయ్యి పెట్టుకొని బ్రతికినది.

ఈ కథలో మన దేశముతో ముడిపడిన సంగతి యొకటి కలదు. ఆ పట్టణమున గ్రంథాలయములో పని చేయు జూలియెట్ మోర్గన్ అను తెల్ల వనిత, ఉద్యమ మారంభమైన వారము దినములకే స్థానిక పత్రికకు జాబు వ్రాసి, ఈ నడకను గాంధీమహాత్ముని ఉప్పు సత్యాగ్రహముతో పోల్చెను. 1930లో దండికి నడచిన నడక పాతికేండ్లకు అలబామా వీధులలో కనబడినది. తన జాతివారే ఆమెను వెలివేసినట్లు చూచిరి, ఇంటి కిటికీలు పగులగొట్టిరి, బెదరించిరి. 1957లో ఆమె తన ప్రాణమును తానే తీసికొనెను. న్యాయము పలికినవారికి అన్ని జాతులలోను ఒకే విధమైన శిక్ష పడుచుండును.

రాబిన్సన్ ఇంటి పెద్ద కిటికీని రాతితో పగులగొట్టిరి. తరువాత ఆమె కారుమీద ఆమ్లము పోసి తూట్లు పడునట్లు చేసిరి. చేసినవారు పోలీసులే యని ఆమె వ్రాసియున్నది. ఆమె ఆ తూట్ల కారునే నడుపుకొనెను. 1956 ఫిబ్రవరిలో ఆమెతోబాటు ఎనుబదిమందికి పైగా జనులమీద నేరము మోపిరి. జనవరి 30న కింగ్ ఇంటిమీద బాంబు పడినది. ఉద్యమమువారు అడిగినది ఆ నాటికిని ఇంచుమించు మండలి జాబులోని చిన్న కోరికలే. దానికిని కాదన్నపిదప, వేర్పాటు చట్టమునే కొట్టివేయుడని ఫిబ్రవరి 1న న్యాయస్థానమున దావా వేసిరి.

ఈ దావాలో వాదులెవరు? మతబోధకులు కారు, పెద్దమనుష్యులు కారు. ఆరీలియా బ్రౌడర్, డెబ్బదియేండ్లు దాటిన సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీ స్మిత్, క్లాడెట్ కాల్విన్. అందరును స్త్రీలే. అయిదవ యామె బెదరింపులకు తాళలేక వెనుకకు తీసికొనెను. పెద్దలు పనికిరాదని విడిచిన ఆ బాలికయే న్యాయపీఠము నెదుట నిలిచి సాక్ష్యము చెప్పెను. మీ నాయకు డెవరని ప్రతివాదుల వకీలు గుచ్చి యడుగగా, మాకు మేమే నాయకులమను భావము వచ్చునట్లు బదులిచ్చెను. జూన్ 5న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు వీరి పక్షమున తీర్పు చెప్పిరి. నవంబరు 13న అత్యున్నత న్యాయస్థానము దానిని స్థిరపరచెను. 1956 డిసెంబరు 21న నల్లవారు ముందు ద్వారమున ఎక్కి తమకు నచ్చినచోట కూర్చుండిరి.

అంతటితో కష్టములు తీరలేదు. కొన్ని బస్సులమీద తుపాకులు కాల్చిరి. 1957 జనవరిలో చర్చీలమీద బాంబులు వేసిరి. పార్క్స్ ఆ సంవత్సరమే ఊరు విడిచెను. 1960లో విద్యార్థుల ఉద్యమము పిమ్మట ప్రభుత్వము కళాశాలమీద కన్నువేయగా బర్క్స్, రాబిన్సన్ ఇరువురును ఉద్యోగములు విడిచి దూరప్రాంతములకు పోయిరి. ఉపాధ్యాయినులు చెదిరిపోగా మండలియు చెదిరినది. రాబిన్సన్ వ్రాసిన జ్ఞాపకముల గ్రంథము 1987లో వెలువడినపిదపనే ఆ రాత్రి కరపత్రముల సంగతి చాలమందికి తెలిసినది. ఆమె 1992లో మరణించెను. కాల్విన్‌మీద బాల్యమున వ్రాసిన నేరపు లెక్కను 2021లోగాని కొట్టివేయలేదు.

ఇప్పుడు నా తప్పిదమును చెప్పవలెను. చాలయేండ్ల క్రిందట నేను మా గ్రామపంచాయతిలో సభ్యుడనుగా నుంటిని. ఒకనాడు దళితవాడ స్త్రీలు నలుగురైదుగురు ఒక కాగితము తెచ్చి యిచ్చిరి. తమ వాడలోని చేతిపంపు చెడినదనియు, పై వీధి బావికి వచ్చినచో తక్కినవారందరు తోడుకొనువరకు నిలువబెట్టుచున్నారనియు, పంపు బాగుచేయింపుడనియు అందు వ్రాసియుండెను. వ్రాసినది బడిలో చదువుకొను ఒక బిడ్డ. నేను దానిని చదివి, చూతములెండని చెప్పి, బీరువాలో పెట్టితిని. దుర్బుద్ధితో కాదు, మరచితిని. మరచుటకు వీలైనదిగా ఆ సంగతి నాకు తోచినది. అదియే తప్పు.

ఆ యేడు నాట్ల వేళకు ఆ వాడనుండి ఒక్క స్త్రీయు పొలమునకు రాలేదు. కేకలు లేవు, తగవు లేదు, రాలేదు, అంతే. నారు ముదురుచుండెను. మూడవనాటికి పంపు బాగుపడినది. బాగు చేయుటకు పట్టినది ఒక పూట. ఆ సాయంకాలము బీరువా తెరచి ఆ కాగితమును మరల చదివితిని. అందులో కోపము లేదు. దయచేసి యని మూడుచోట్ల వ్రాసియున్నది. మర్యాదగా నడిగిననాడు సమాధాన మీయక, పని మానిననాడు పరుగెత్తితిమి. ఇట్లు చేసి మనమే జనులకు ఏమి నేర్పుచున్నాము? విన్నపము వలన ప్రయోజనము లేదని నేర్పుచున్నాము.

కావున ఆ పెద్దమనిషి యడిగిన ప్రశ్నకు ఇపుడు బదులు చెప్పగలను. ఆడవారు కాగితము వ్రాసినంతమాత్రమున లోకము మారదు. కాగితము వెనుక తొమ్మిదేండ్ల పని యున్నచో మారును. మాంట్‌గోమరీ స్త్రీలు 1946లో సంఘము పెట్టిరి. 1955లో ఒక్క రాత్రిలో ఊరిని కదలింపగలిగిరి. ఆ రాత్రి జరిగినది అద్భుతముగా కనబడును. కాని పేటలవారీగా ఎవరికి ఎవరు చెప్పవలెనో ముందే వ్రాసికొన్నవారికి అది అద్భుతము కాదు. ఏ డ్రైవరు ఏనాడు ఏమనెనో లెక్క యుంచుకొన్నవారికి మాటలు వెదకికొన నక్కరలేదు. సంఘమనగా ఇదియే, నిత్యము జరుగు చిన్నపనుల పోగు.

పెద్దలకు నేను మనవి చేయునది రెండు మాటలు. మీ కడకు స్త్రీలు ఒక విన్నపముతో వచ్చినపుడు, అందలి కోరిక చిన్నదిగా నున్నచో సంతోషింపుడు. దానిని తీర్చుటకు మీకింకను వ్యవధి యున్నదని దాని యర్థము. రెండవది, పని జరిగినపిదప ఎవరు చేసిరో వారి పేర్లు పంచాయతి పుస్తకమున వ్రాయింపుడు. మా పంపుమీద ఆ యేటి సర్పంచి పేరును, నా పేరును కలిపి చెక్కించిరి. ఆ కాగితము వ్రాసిన బిడ్డ పేరు దానిమీద లేదు. ఆ బిడ్డ ఇప్పుడు పొరుగూరి బడిలో ఉపాధ్యాయిని. గడచిన నెల ఆమెను కలిసికొని ఈ సంగతి చెప్పితిని. ఆమె నవ్వి, "పోనీండి తాతగారూ, నీళ్లు వచ్చుచున్నవి గదా" యనెను. ఆ మాట ఆమె యనవచ్చును, మనము అనరాదు.